మంట లేని పాకం

మొన్న శనివారం మా వంటింట్లో కొత్త మైక్రోవేవ్ బిగించారు. పాతదానికి తలుపు సరిగ్గా పడక, రెండు నెలలుగా నేను దాన్ని మోచేత్తో నొక్కిపట్టి కాఫీ వేడి చేసుకుంటూ వచ్చాను. ఈ వయసులో ఈ సర్కస్ ఎందుకని మా ఆవిడ సాధించి సాధించి చివరికి తన మాటే నెగ్గించుకుంది. కొత్తది మహా తెలివైనదట, ఫోనుతో కబుర్లు చెబుతుందట, లోపల మురికి పేరుకుంటే తనే గుర్తు చేస్తుందట. కొత్తొక వింత, పాతొక రోత అన్నారు కదా, మా ఆవిడ దాని ముందు నుంచి కదలలేదు. బిగించినతను వెళుతూ వెళుతూ, వాడకం మొదలుపెట్టే ముందు ఒక గిన్నెలో నీళ్ళు పోసి, నిమ్మచెక్క వేసి, కాసేపు మరగనిచ్చి ఆ ఆవిరితో లోపల తుడుచుకోమని, అలా చేస్తే ప్లాస్టిక్ వాసన పోతుందని చెప్పాడు. మా ఆవిడ అలాగే చేసింది. తలుపు తీయగానే వేడి నిమ్మకాయ వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆమెకు అది ఎంతో బాగుంది. నేను మాత్రం ఏదో పని ఉన్నట్టు గరాజ్‌లోకి వెళ్ళి, కారు పక్కన ఊరికే నిలబడ్డాను. ముప్ఫై ఏళ్ళు దాటింది గాని, అమెరికాలో ఇదే ట్రాయ్ ఊళ్ళో, ఆ వాసన మధ్య నేను ఒక చలికాలమంతా గడిపాను.

ఆ రోజుల్లో ఈ ఊళ్ళో కాపురాలు పెట్టినవాళ్ళకు ఆ అపార్ట్‌మెంట్లు గుర్తుండే ఉంటాయి. బయటినుంచి చూస్తే ఇటుకల మేడ, లోపల గోడలు అట్టముక్కలు. నడవాలో పరచిన కార్పెట్ ఎవరింట్లో ఏం వండుకున్నదీ నెలల తరబడి దాచిపెట్టుకునేది. చలికాలం కిటికీ తీస్తే గడ్డకట్టిపోతాం, తీయకపోతే మన కూర వాసనలో మనమే ఊరతాం. పొయ్యి మీద ఫ్యాను అని ఒకటుండేది గాని, అది పొగను బయటికి పంపేది కాదు, ఒక పక్క పీల్చి ఇంకో పక్క మన ముఖానే వదిలేది. నాకు చదువు ముగిసి, కారు విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీలో ఉద్యోగం దొరికింది. అలాంటి అపార్ట్‌మెంటులోనే కాపురముంటున్న మా అక్క దగ్గరికి వచ్చి చేరాను. బావగారు కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఆయన షిఫ్టు మధ్యాహ్నం మొదలై, అందరూ నిద్రపోయాక ముగిసేది. అందుకని మాటకు ముగ్గురం ఒక ఇంట్లో ఉన్నా, శని ఆదివారాలు తప్ప ముగ్గురం కలిసి అన్నం తిన్నది తక్కువే.

వాళ్ళింట్లో ఉన్న మైక్రోవేవ్, బావగారి సహోద్యోగి ఒకాయన ఊరు మారుతూ వదిలేసి వెళ్ళినది. కర్ర రంగు రేకు తొడిగిన పెద్ద పెట్టె, నిమిషాలు పెట్టుకోవడానికి చేత్తో తిప్పే గుండీ, పనయిపోతే టింగుమని ఒక్క గంట. అక్కకు దాని మీద పెద్ద గౌరవమేమీ లేదు. మంట కనబడని చోట వంటేమిటని ఆమె అభిప్రాయం. చల్లారిన కాఫీ వేడి చేయడానికి వాడేది. చలికి దోసెలపిండి పులవకపోతే లోపల ఒక గ్లాసు వేణ్ణీళ్ళు పెట్టి, పక్కన పిండి గిన్నె ఉంచి, తలుపు మూసి గూడులాగా వాడుకునేది. అసలు వంటంతా పొయ్యి మీదే. అందులోనూ మా అక్క పోపు గురించి చెప్పాలి. ఆవాలు చిటపటమన్న తర్వాత ఎండుమిరపకాయ నల్లబడకుండా, ఇంగువ మాడకుండా, కరివేపాకు వేసీ వేయగానే మూత పెట్టే ఆ ఒడుపు మా అమ్మ దగ్గర నేర్చుకున్నది. నేను ఆఫీసు నుంచి వచ్చి కింద మెట్ల దగ్గర బూట్ల మంచు దులుపుకుంటుంటేనే ఇవాళ చారా, పప్పా, పులుసా అన్నది తెలిసిపోయేది. పైన ఉండే అమెరికన్ ముసలావిడ మెట్ల మీద ఎదురుపడితే తుమ్ముతూనే, మీ ఇంట్లో వంట భలే ఉంటుందే అని నవ్వేది.

అంతకుముందు రెండుసార్లు అక్కకు కడుపు నిలవలేదు. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కారు. నేను వెళ్ళిన ఏడాది చలికాలం మొదట్లో మళ్ళీ నెల తప్పింది. పాలతో మూతి కాలినవాడు మజ్జిగను ఊదుకుని తాగినట్టు, ఆ వార్త విని సంతోషించడానికి కూడా మేము భయపడ్డాం. బావగారు నాతో చెప్పేటప్పుడు గొంతు తగ్గించి, ఇంకా ఎవరికీ చెప్పకు, పరీక్షల్లో గుండె చప్పుడు బాగానే ఉందన్నారు అని చెప్పి, ఆ వెంటనే వాన గురించి ఏదో మాట్లాడారు. నేనూ అవునవును వాన అన్నాను. బయట మంచు పడుతోంది.

వేవిళ్ళు అందరికీ వస్తాయి గాని అక్కకు వచ్చినవి అలాంటివి కావు. నీళ్ళు తాగినా నిలిచేవి కావు. అన్నిటికన్నా వాసన ఆమెకు పగయిపోయింది. ఏ పోపు వాసనతో ఇల్లంతా నింపేదో, ఆ పోపు వాసన పక్కింటినుంచి గోడ సందుల్లో దూరి వచ్చినా లేచి బాత్‌రూమ్‌కి పరుగెత్తేది. పులిసిన పిండి వాసన పడదు, ఉడికే పప్పు వాసన పడదు, నా కోటుకు పట్టిన ఆఫీసు క్యాంటీన్ వాసన పడదు. మనిషి కళ్ళముందే కరిగిపోసాగింది. డాక్టరమ్మ పెద్దావిడ, మెత్తగా మాట్లాడేది గాని, బరువు ఇలా పడిపోతుంటే ఆస్పత్రిలో చేర్చుకుని నరానికి సెలైన్ పెట్టాల్సి వస్తుందని కరాఖండిగా చెప్పింది. అక్క తిన్నది కడుపులో నిలిస్తేనే బిడ్డ నిలుస్తుందని మా లెక్క. ఆ ఇంట్లో ఇక వేరే విషయమంటూ లేకుండా పోయింది. పొద్దున లేస్తే అక్క ఏం తిన్నది, తిన్నది ఉందా పోయిందా, అంతే.

పొయ్యి వెలిగించడం మానేశాం. సాయంత్రాలు బావగారు ఇంట్లో ఉండరు కాబట్టి అక్కకు తిండి పెట్టే పని నా మీద పడింది. గరిటె ఏ చేత్తో పట్టుకోవాలో తెలియనివాణ్ణి, కాఫీలో పంచదార కలపడం కూడా అమ్మ చేసిపెడితే తాగినవాణ్ణి. ఆ మూలనున్న కర్ర రంగు పెట్టె ఒక్కటే నాకు దిక్కయింది. మూత పెట్టి ఉడికిస్తే వాసన చాలావరకు లోపలే ఉండిపోతుంది, తలుపు తీసేముందు అక్క గది తలుపు వేసేస్తే సరిపోతుంది. అలా మొదలుపెట్టాను. మొదటిరోజే అలవాటు కొద్దీ స్టీలు గిన్నె లోపల పెట్టి గుండీ తిప్పితే, దీపావళి కాకరపువ్వొత్తుల్లా రవ్వలు లేచాయి. నేను వెనక్కి గెంతి గోడకు కొట్టుకున్నాను. గదిలోంచి అక్క, ఏమైందిరా అని నీరసంగా అడిగితే, ఏం లేదక్కా నేర్చుకుంటున్నాను అన్నాను. మన ఇళ్ళల్లో గిన్నెలన్నీ స్టీలువే కదా. మర్నాడే వెళ్ళి గాజు గిన్నెలు కొనుక్కొచ్చాను.

ఆ పెట్టె పద్ధతి అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. గిన్నె నడుమ అన్నం చల్లగా ఉండి అంచులు కాలిపోతాయి, అందుకని నడుమ గుంట చేసి అంచుల వెంబడి పరచాలి. పాలు చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉండి, తల తిప్పగానే పొంగుతాయి. బంగాళాదుంపను ఫోర్కుతో పొడవకుండా పెడితే పేలుతుంది. గంట మోగిందని తొందరపడి తీయకుండా కాసేపు అలాగే ఉంచితే ఉడకాల్సింది ఉడుకుతుంది. ఇవన్నీ ఒక్కొక్కటీ చేయి కాల్చుకుని నేర్చుకున్నాను. పల్చటి గంజి, సగ్గుబియ్యం జావ, పోపు లేని ఉప్మా, పాలల్లో సేమియా, మెత్తటి అన్నంలో మజ్జిగ. అంతకు మించి ఏదీ ఆమెకు సయించేది కాదు. నాలుగు చెంచాలు తిని కళ్ళు మూసుకుని కూర్చునేది, నేను ఎదురుగా ఊపిరి బిగపట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆ కాసేపు గడిచి, ఆమె కళ్ళు తెరిచి నా వైపు చూసి చిన్నగా నవ్విందంటే, పరీక్షలో గట్టెక్కినంత సంతోషం నాకు.

వంట కంటే ఆ పెట్టెను శుభ్రంగా ఉంచడమే పెద్ద పని. ఒకరోజు వేడి చేసిన దాని వాసన మర్నాటి గంజికి అంటుకునేది, అక్క ముక్కుకు అది దొరికిపోయేది. ఉల్లిపాయ వాసనొస్తోందిరా అనేది, ఉల్లిపాయ ఇంట్లోకి వచ్చి వారమై ఉండేది. అందుకని ప్రతి సాయంత్రం నిమ్మచెక్కలు వేసిన నీళ్ళు లోపల మరిగించి, ఆవిరి పట్టాక మెత్తటి బట్టతో గోడలు, తలుపు అంచుల రబ్బరు, పైకప్పు తుడిచేవాణ్ణి. పైకప్పు ఎవరూ తుడవరు, తుంపరలన్నీ అక్కడే చేరతాయి. తిరిగే గాజు పళ్ళెం, దాని కింద చక్రాల రింగు తీసి కడిగి ఆరబెట్టేవాణ్ణి. తుడిచిన తర్వాత తల లోపలికి పెట్టి వాసన చూసుకునేవాణ్ణి. ఒకసారి బావగారు నన్ను ఆ స్థితిలో చూసి, అందులో కాపురం పెట్టేట్టున్నావే అని నవ్వారు. ఆ నెలల్లో ఆయన నవ్వగా నేను చూసింది ఆ ఒక్కసారే అనుకుంటాను.

బావగారి మాట ఒకటి చెప్పాలి. వేరే మిత్రులింట్లో ఎవరో ఆయనకు కూరలు వండి డబ్బాల్లో ఇచ్చేవారు. వాటిని ఆయన ఇంటి మైక్రోవేవ్‌లో పెట్టేవారు కాదు, అసలు ఇంట్లోకే తెచ్చేవారు కాదు. కారు డిక్కీలో ఉంచుకునేవారు. ఆ చలికి రాయిలా బిగిసిన అన్నమూ కూరా పనికి వెళ్ళే ముందు కార్లో కూర్చుని తినేవారు. ఫ్యాక్టరీలో వేడి చేసుకోవచ్చు కదా బావా అంటే, వేడి కూర తింటే వాసన చొక్కాకు పడుతుంది, అది ఇంటికి వస్తుంది అన్నారు. ఆయన భార్య మీద ప్రేమ గురించి ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడిన మనిషి కాదు.

అయిదో నెల వచ్చింది. అంతకుముందు రెండుసార్లూ అంతదాకా రాలేదు. అమ్మ వీసాకి రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ ఇవ్వలేదు. అక్కడ నాన్న ఆరోగ్యమూ అంతంతమాత్రమే. ఇక అమ్మ రావడం కుదరదన్నది ఖాయమైపోయాక, ఒక శనివారం కాలింగ్ కార్డు మీద ఫోన్ చేస్తే, అక్కతో మాట్లాడిన తర్వాత నాకివ్వమంది. అయిదో నెలలో ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు చలిమిడి పెట్టాలి, అది తింటే కడుపు చలవ, ఇప్పుడెలారా అని ఏడ్చింది. బజార్లో దొరుకుతుందేమో చూస్తానన్నాను. నా తెలివితక్కువతనానికి అమ్మ ఏడుపు ఆపి మరీ కసిరింది. చలిమిడి కొని పెడతారా ఎక్కడైనా, పుట్టింటి చేత్తో చేసి ఒళ్ళో పెట్టాలి అంది. నేను మగవాణ్ణి కదమ్మా, నేను పెట్టొచ్చా అని అడిగాను.

"అక్కడ దానికి పుట్టిల్లంటే ఇంకెవరున్నార్రా, నువ్వే" అంది.

ఇంజనీరింగ్ పట్టా పుచ్చుకున్ననాడు కూడా నేను అంత పెద్దవాణ్ణయినట్టు నాకు అనిపించలేదు. ఆ రోజే బియ్యం నానబోశాను. మర్నాడు నీళ్ళు వార్చి, బట్ట మీద ఆరబెట్టి, తడి ఉండగానే మిక్సీలో వేసి, జల్లెడ లేక టీ వడపోసే జాలీలో కొంచెం కొంచెంగా జల్లించాను. పిండి బాగానే వచ్చింది. పాకం దగ్గరే వచ్చింది చిక్కంతా. పొయ్యి వెలిగించకూడదన్నది ఇంటి శాసనం, అందుకని బెల్లం కోరి, కాసిని నీళ్ళు పోసి గాజు గిన్నెలో మైక్రోవేవ్‌లోనే పెట్టాను. అమ్మ ఫోన్లో ఉంది. మంట ఎంత పెట్టావు అని అడిగింది. మంట లేదమ్మా, ఇందులో మంట ఉండదు అన్నాను. మంట లేకుండా పాకం ఎలా వస్తుందిరా అని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయింది. పాకం చుక్క నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ కావాలి, అంతవరకు కలుపుతూ పక్కనే నిలబడాలి అంది. ఇక్కడ తలుపు వేస్తే కలపలేను, తలుపు తీస్తే ఉడుకు ఆగిపోతుంది. తీయడం, కలపడం, చుక్క వేసి చూడడం, మళ్ళీ మూయడం. చివర్లో ఇంకొక్క నిమిషం అనుకుని గుండీ తిప్పి, అమ్మ మాటల్లో పడి అటు చూడలేదు. బెల్లం ఒక్కసారిగా నురగలెత్తి గిన్నె దాటి గాజు పళ్ళెం మీదికి పొంగి, కింద చక్రాల దాకా పోయి మాడింది.

మాడిన బెల్లం వాసన ఇల్లంతా నిండింది. నాకు ప్రాణం పోయినట్టయింది. అన్ని నెలలు ఒక్క వాసన రాకుండా కాపాడుకొచ్చిన ఇల్లు అది. తర్వాత చేస్తానమ్మా అని ఫోను పెట్టేసి, కిటికీ తీసి, మంచుగాలిలో నిలబడి తువ్వాలుతో విసురుతున్నాను. అప్పుడు అక్క గది తలుపు తెరుచుకుంది. గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. బాత్‌రూమ్‌వైపు పరుగెత్తుతుందని నేను పక్కకు తప్పుకున్నాను. పరుగెత్తలేదు. కళ్ళు మూసుకుని ఆ గాలి పీల్చింది. అమ్మ వంటింట్లో ఉన్నట్టుందిరా అంది. గిన్నెలో మిగిలిన పాకం కొంచెం ముదిరినా పనికొచ్చేదిగానే ఉంది. పిండి కలిపి, నెయ్యి వేసి, ఏలకులు, కొబ్బరిముక్కలు కలిపి గట్టి ముద్ద చేశాను. అక్క తనే బొట్టు పెట్టుకుని, చీర కట్టుకుని సోఫాలో కూర్చుంది. జాకెట్టు గుడ్డ, గాజులు, పసుపు కుంకుమ, చలిమిడి పళ్ళెంలో పెట్టి ఆమె ఒళ్ళో పెట్టాను. బావగారు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. అక్క ఒక ముక్క తుంచుకుని తిన్నది. అది ఆమె కడుపులో నిలిచింది.

ఆ తర్వాత ప్రతి పొద్దునా కాస్త కాస్త తిన్నది. ఆ చక్రాల కింద గట్టిపడిన బెల్లాన్ని నేను వేణ్ణీళ్ళు పెట్టి, చెక్క చెంచాతో గీకి వదిలించేసరికి ఇంకో ఆదివారం వచ్చింది. ఆ ఆదివారం సాయంత్రం నేను సరుకులు తెద్దామని వెళ్ళి తిరిగి వస్తూ, మెట్ల దగ్గర ఆగిపోయాను. పోపు వాసన. ఎవరింటిదో అనుకుని, అక్క ఏమైపోతుందోనని పరుగెత్తుకుంటూ పైకి వెళ్ళాను. తలుపు తీసేసరికి అక్క కొంగు నడుముకు దోపుకుని పొయ్యి దగ్గర నిలబడి ఉంది. మజ్జిగపులుసులో పోపు వేస్తోంది. పొద్దుటి నుంచి వికారం లేదురా, కరకరా ఆకలేస్తోంది అంది. బావగారు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఆమెనే చూస్తున్నారు.

ఆకలి రుచెరగదంటారు గాని, ఆ పూట రుచి నాకు ఇప్పటికీ తెలుసు. మజ్జిగపులుసు, బెండకాయ వేపుడు, వేడి అన్నం. బావగారు కార్లోంచి తన డబ్బా తెచ్చి, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి ఇంటి మైక్రోవేవ్‌లో పెట్టి వేడి చేసి, ఆ కూర అందరికీ వడ్డించారు. అక్క మారు అన్నం పెట్టించుకుంది. అయిదో నెల వస్తే వేవిళ్ళు వాటంతటవే తగ్గుతాయని అందరూ చెప్పిందే జరిగిందని అనుకున్నాం. అమ్మకు ఫోన్ చేస్తే, నా చిట్టితండ్రి పెట్టిన చలిమిడి చలవ చేసిందని మురిసిపోయింది. నేనూ మురిసిపోయాను. ఎందుకు అబద్ధమాడాలి, ఆ రాత్రి పడుకునేముందు నన్ను నేను మెచ్చుకున్నాను.

మర్నాడు మామూలు పరీక్ష. మధ్యాహ్నాలు ఆమెను తీసుకెళ్ళడం నా వంతు. దారి పొడుగునా అక్క మాట్లాడుతూనే ఉంది, గోంగూర దొరికితే తెచ్చిపెట్టమంది, వచ్చేవారం పైన ముసలావిడను భోజనానికి పిలుద్దామంది. నేను బయట గదిలో కూర్చున్నాను. కాసేపటికి ఒక నర్సు వెళ్ళి ఇంకొక నర్సును పిలుచుకొచ్చింది. ఆ తర్వాత డాక్టరమ్మ వెళ్ళింది. తర్వాత నన్ను పిలిచారు. లోపల తెర మీద బొమ్మ ఉంది, చప్పుడు లేదు. గుండె ఆగి కొద్ది రోజులై ఉంటుందని డాక్టరమ్మ అక్క చేయి పట్టుకుని చెప్పింది. మనం చేసిందాని వల్ల గాని, చేయనిదాని వల్ల గాని కాదు, ఒక్కొక్కసారి ఇలా జరుగుతుంది అంది. నేను అడిగాను, నిన్న అంత బాగుంది కదా అని. బిడ్డ ఆగిపోతే ఒంట్లో ఆ వికారం కూడా ఆగిపోతుందట. అక్క నా వైపు తిరిగి తెలుగులో అంది.

"నిన్న అంత ఆకలేసింది కదరా. అది బిడ్డ ఆకలనుకున్నాను."

నేను ఫోన్ చేస్తే బావగారు ఫ్యాక్టరీ బూట్లతోనే వచ్చారు. ఆస్పత్రిలో ఉన్న ఆ రెండు రోజులూ అక్క ఏడవడం నేను చూడలేదు. అస్తమానూ ఒకటే అనేది, ఒక్కసారి వాంతయితే బాగుండునురా అని. మగపిల్లవాడట.

ఇంటికి వచ్చిన తర్వాత ఊళ్ళో తెలిసినవాళ్ళు ఒక్కరొక్కరే వండుకుని తీసుకొచ్చారు. ఎవరో సాంబారు, ఎవరో కోడికూర, ఎవరో బిర్యానీ. మా ఇంటి మైక్రోవేవ్ ఆ వారమంతా తిరుగుతూనే ఉంది, అన్ని వాసనలూ అందులోంచి వచ్చాయి, ఇక వాటిని ఆపాల్సిన పని లేదు. నేను మాత్రం అలవాటు కొద్దీ సాయంత్రం కాగానే బట్ట తడిపి లోపల తుడవడం మొదలుపెట్టాను. అక్క వచ్చి నా చేతిలోంచి బట్ట తీసుకుని, ఇంక వదిలెయ్యిరా అంది. అప్పుడు ఏడ్చాను నేను, ఆమె కాదు. బావగారు ఆ తర్వాత కూడా చాలాకాలం చల్లని అన్నమే తిన్నారు, వేడి చేసిస్తానంటే వద్దనేవారు.

వాళ్ళకు ఇక పిల్లలు పుట్టలేదు. కొన్నేళ్ళకు బావగారి ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయారు. నేను ఇక్కడే పెళ్ళి చేసుకుని, ఇల్లు కొనుక్కుని స్థిరపడ్డాను. అమ్మ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. చాలా ఏళ్ళ తర్వాత, నేను ఊరు వెళ్ళినప్పుడు, ఆవిడకు అప్పటికే ఒంట్లో బాగుండటం లేదు, మంచం పక్కన నన్ను కూర్చోబెట్టుకుని, ఆ రోజు పాకం మాడలేదు కదరా అని అడిగింది. ఇన్నేళ్ళూ ఆ ప్రశ్న ఆవిడ లోపల ఉంచుకుని బతికిందని నాకు అప్పుడే తెలిసింది. మాడలేదమ్మా, బాగా కుదిరింది, అక్క ఇష్టంగా తిన్నది అన్నాను. అందులో చివరి మాట నిజమే.

నిరుడు మా అమ్మాయి గర్భవతి అయితే అక్క వచ్చి మా ఇంట్లో నాలుగు నెలలు ఉంది. ఇప్పటి పిల్లల పద్ధతులు వేరు. వికారానికి మాత్రలున్నాయి. వారం వారం బిడ్డ ఏ పండంత అయిందో ఫోను చెబుతుంది. మా అమ్మాయి అరచేతిలో పట్టే చిన్న మిషన్ ఒకటి కొనుక్కుంది, దాన్ని పొట్టకు ఆనించుకుంటే బిడ్డ గుండె చప్పుడు ఇంట్లోనే వినిపిస్తుంది. రోజూ భోజనానికి ముందు విని, అంతా బాగుందని తేల్చుకుని అప్పుడు తినేది. మంచిదే, నేను కాదనను. ఆ అమ్మాయికి ఆ ధైర్యం ఉండాలి. మొదటిసారి ఆ చప్పుడు విన్నప్పుడు నేను అక్క ముఖం చూడలేకపోయాను.

ఆ మధ్యాహ్నం అమ్మాయి పడుకున్నాక, మేమిద్దరం బల్ల దగ్గర చిక్కుడుకాయలు వలుస్తూ కూర్చున్నాం. ఇన్నేళ్ళలో మొదటిసారి నేనే ఆ మాట ఎత్తాను. అలాంటి మిషన్ అప్పుడు ఉంటే మనకు ముందే తెలిసేది కదక్కా అన్నాను. అక్క ఇంకో కాయ అందుకుని ఈనె తీసింది.

"తెలిస్తే ఆ పూట పొయ్యి వెలిగించేదాన్నా? వాణ్ణి కడుపులో పెట్టుకుని నేను కడుపునిండా తిన్నది ఆ ఒక్క పూటేరా" అంది.

అప్పటికే వాడు లేడని ఇప్పుడు ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. అయినా ఆ అన్నం వాడితో కలిసి తిన్నదేనని ఆమె లెక్క, ఆ లెక్క తప్పనడానికి నేనెవరిని? ఇప్పుడు అన్నీ ముందే తెలిసిపోతున్నాయి, అన్నం వడ్డించేలోపే తెలిసిపోతున్నాయి. తెలియకపోవడం వల్ల మాకు జరిగిన నష్టమేమీ లేదు, ఎలాగూ ఎవరూ చేయగలిగేది లేదని డాక్టరమ్మే అంది. తెలియకపోవడం వల్ల మాకు దక్కింది మాత్రం ఆ ఒక్క సాయంత్రం. ఇవాళైతే మా అక్కకు అది కూడా ఉండేది కాదు.